మెయిన్‌ఫ్రేమ్ సర్వర్ పలకకపోతే ఎక్కడ వెతకాలి

మా అక్క కొడుకు ఒంగోలులో ఇంటి నుంచే పని చేస్తాడు. వాళ్ళ కంపెనీ పెద్ద కంప్యూటర్, అంటే మెయిన్‌ఫ్రేమ్, ఏ దేశంలో ఉందో వాడికే సరిగా తెలియదు. వాడి లాప్‌టాప్ మాత్రం మంగమూరు రోడ్డులో, మేడ మీది గదిలో ఉంటుంది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. చేయి తిరగాలని సరదాగా రెండు చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్‌లో సర్వర్, లాప్‌టాప్ మీద పైథాన్‌లో క్లయింట్. క్లయింట్ ఏది పంపితే సర్వర్ అదే తిప్పి పంపాలి. ‘స్టాప్’ అని పంపితే మాత్రం సర్వర్ ఆగిపోవాలి.

మొన్న ఆదివారం నేను కావలిలో చేపల పులుసు పొయ్యి మీద పెట్టి ఉండగా ఫోన్ చేశాడు.

“పిన్నీ, సర్వర్ బాగానే లేచింది. క్లయింట్ కలిసింది. కానీ హలో పంపితే హలోతో పాటు ఏదో చెత్త వస్తోంది. స్టాప్ పంపితే ఆగడం లేదు. నెట్‌వర్క్‌లో ఏదో లోపం ఉన్నట్టుంది.”

“చెత్త అంటే ఏమిటి నాయనా? ఏ అక్షరాలు, ఎన్ని?”

“అన్నీ @ గుర్తులే. చాలా ఉన్నాయి.”

“చాలా అంటే లెక్క కాదు. లెక్కపెట్టి చెప్పు.”

కాసేపటికి 74 అన్నాడు. హలో ఇంగ్లీషులో ఐదు అక్షరాలు, వాడి బఫర్, అంటే వచ్చిన మాట పడే చోటు, 80 బైట్లు. 80లో 5 తీస్తే 75 రావాలి కదా, ఎక్కడో లెక్క తప్పి ఉంటాడని వదిలేశాను. పులుసు మాడకుండా చూసుకోవాలన్న తొందర ఒకటి. ఆ ఒక్క గుర్తును పట్టించుకోకపోవడం నా తప్పే. దాని సంగతి తరువాత వస్తుంది.

చెన్నైలో ఇరవై రెండేళ్ళు ఈ పనే చేసి వచ్చాను. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ మీద మొదటిసారి సాకెట్ ప్రోగ్రాం, అంటే నెట్‌వర్క్ మీద మాట్లాడే ప్రోగ్రాం, రాసేవాళ్ళు దాదాపు ఒకే చోట్ల తట్టుకుని పడతారు. అందుకే వాడికి ఫోనులో చెప్పినదంతా ఒక వరసలో పెడుతున్నాను. ఐపీ చిరునామా, పోర్టు అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు కాగితం

కోడ్ తెరవకండి. ఒక కాగితం తీసుకుని మెయిన్‌ఫ్రేమ్ చిరునామా, పోర్టు సంఖ్య, సర్వర్ జాబ్ (మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే పని) పేరు, అది ఏ యూజర్ ఐడీ కింద నడుస్తోంది, ఈ నాలుగూ రాసుకోండి. వాటి కింద తెరమీద కనిపించినది కనిపించినట్టే రాయండి. ‘చెత్త వస్తోంది’ అని కాదు, ‘74 @ గుర్తులు’ అని.

నెట్‌వర్క్ అనే మాట అప్పుడే రాయవద్దు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ప్రోగ్రాం పలకకపోతే అందరం ముందు తిట్టేది నెట్‌వర్క్‌నే. నా అనుభవంలో తప్పు ఎక్కువసార్లు మన కోబాల్‌లోనో, మన యూజర్ ఐడీలోనో దొరికింది.

సర్వర్ నిజంగా లేచిందా

జాబ్‌లను, వాటి అవుట్‌పుట్‌ను చూపించే ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో డీఏ తెర (నడుస్తున్న జాబ్‌ల జాబితా) చూడండి. జాబ్ అక్కడ కనిపిస్తూ, సీపీయూ సమయం కదలకుండా ఉంటే కంగారు పడనక్కర లేదు. యాక్సెప్ట్‌లో కూర్చుని ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తోందన్నమాట. అసలు కనిపించకపోతే అవుట్‌పుట్‌లో ఎలా చచ్చిందో చూడాలి.

ఎస్806 అని ఉంటే పిలిచిన మాడ్యూలు దొరకలేదు. ఆ మాడ్యూలు ఉండే లైబ్రరీని జాబ్ నడిపేటప్పుడు చూపించడం మరిచిపోయి ఉంటారు. ఎస్522 అని ఉంటే, పాపం, ప్రోగ్రాం తప్పేమీ లేదు. పని లేకుండా ఎక్కువసేపు కూర్చున్న జాబ్‌ను సిస్టమే బయటికి గెంటేసింది. క్లయింట్ వచ్చేదాకా కూర్చోవడమే సర్వర్ పని కాబట్టి జాబ్‌ను నడపమని రాసే ఆదేశాల చీటీ, జేసీఎల్‌లో, టైమ్=1440 అని ఇచ్చుకోవాలి. దీనికి మీ ఆఫీసు ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. మాకు తెల్లవారుజామున మూడు గంటలకు పడిపోయే సర్వర్ ఒకటి ఉండేది. దానికి దెయ్యం పట్టిందని నవ్వుకునేవాళ్ళం. కారణం ఈ 522 మాత్రమే. రాత్రి పూట క్లయింట్లు ఉండవు కదా.

మొదటి సాకెట్ పిలుపు దగ్గరే ఎర్రర్ నంబర్ 156 అని వస్తే మీ యూజర్ ఐడీని అనుమానించండి. జెడ్/ఓఎస్‌లో సాకెట్లన్నీ యూనిక్స్ భాగం మీదుగానే నడుస్తాయి. అనుమతులు చూసే ఆర్‌ఏసీఎఫ్‌లో మీ ఐడీకి ఓఎంవీఎస్ సెగ్మెంట్ (యూనిక్స్ భాగం వాడుకునే నమోదు) లేకపోతే ఆ గడప దాటనివ్వరు. ఇది మీరు సరిచేయగలిగింది కాదు, సెక్యూరిటీ వాళ్ళకు రాయాలి.

ప్రతి పిలుపు తరువాతా రెండు సంఖ్యలు

మావాడి సర్వర్‌లో సాకెట్ (మాట్లాడే దారి తెరవడం), బైండ్ (దాన్ని పోర్టుకు కట్టడం), లిజన్ (వినడం మొదలుపెట్టడం), యాక్సెప్ట్ (వచ్చినవాడిని లోనికి తీసుకోవడం) నాలుగూ వరసగా ఉన్నాయి. మధ్యలో ఎక్కడా తనిఖీ లేదు. బైండ్ విఫలమైనా లిజన్‌కు వెళ్ళిపోతుంది. లిజన్ విఫలమైనా చివర్లో ‘సర్వర్ సిద్ధం’ అని డిస్‌ప్లే చేస్తుంది. వాడు ‘బాగానే లేచింది’ అన్నది ఆ డిస్‌ప్లే చూసే.

ప్రతి పిలుపు తరువాతా రిటర్న్ కోడ్, ఎర్రర్ నంబర్ రెండూ అచ్చువేయండి. ఏ పిలుపో కూడా పక్కన వేయండి. రిటర్న్ కోడ్ -1 అయితే విఫలం, కారణం ఎర్రర్ నంబర్‌లో ఉంటుంది. రీడ్ దగ్గర మాత్రం రిటర్న్ కోడ్ అంటే ఎన్ని బైట్లు వచ్చాయో చెప్పే లెక్క. అక్కడ సున్నా వస్తే అవతలివాడు కనెక్షన్ మూసుకుని వెళ్ళిపోయాడని అర్థం. అది తెలియక మళ్ళీ రీడ్, మళ్ళీ రీడ్ అంటూ గిరగిరా తిరిగే ప్రోగ్రాములు సీపీయూను ఎలా తినేస్తాయో చూశాను.

పిలుపు పేరు పెట్టే గడి 16 అక్షరాలది. మిగిలిన చోటంతా ఖాళీలతో నింపాలి. ‘సాకెట్’ అనే మాటకు ఇంగ్లీషులో ఆరు అక్షరాలే కదా అని ఆరే ఇస్తే, ఆ పక్కన మెమరీలో ఏముంటే అదీ పేరులో భాగమైపోతుంది.

సంఖ్యల దగ్గర ఒక చిక్కు ఉంది. కోబాల్ నుంచి వాడే ఈజెడ్ఏ సాకెట్ పిలుపుల్లో కనెక్షన్ నిరాకరణ 61. అదే యంత్రం మీద సీ భాషలో రాస్తే అదే తప్పు 1128. పోర్టు వాడకంలో ఉందనడానికి ఇక్కడ 48, అక్కడ 1115. గడువు దాటిపోతే 60, 1127. అవతలివాడు తెంపేస్తే 54, 1121. అనుమతి లేకపోతే 13, 111. వెతికేటప్పుడు ఏ పట్టికలో వెతుకుతున్నారో చూసుకోండి. ఇంకో పట్టికలో 61 చూసి, ఇంకేదో అర్థం చేసుకుని, సాయంత్రం దాకా దాని వెంట పడినవాళ్ళు ఉన్నారు.

నెట్‌స్టాట్, ఐదో అంకె

మెయిన్‌ఫ్రేమ్‌కు ఆదేశాలు ఇచ్చే టీఎస్ఓలో నెట్‌స్టాట్ (కనెక్షన్ల జాబితా చూపే ఆదేశం) కొట్టండి. మీ జాబ్ పేరు పక్కన ‘లిజన్’ అని ఉందా? చిరునామా తరువాత రెండు చుక్కలు పెట్టి పోర్టు చూపిస్తుంది. అది 0.0.0.0..5000 లాగా ఉంటే ఎక్కడి నుంచి వచ్చినా తీసుకుంటుంది. 127.0.0.1..5000 అని ఉంటే ఆ యంత్రంలోని వాళ్ళతో మాత్రమే మాట్లాడుతుంది, ఒంగోలు నుంచి ఎంత పిలిచినా పలకదు.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. చెన్నైలో నా మూడో ఏడు. సర్వర్ పోర్టు 15000. లిజన్ విజయం, యాక్సెప్ట్‌లో కూర్చుంది, క్లయింట్‌కు మాత్రం వెంటనే 61. ఫైర్‌వాల్ వాళ్ళతో రెండు రోజులు మాటల యుద్ధం. మూడో రోజు మధ్యాహ్నం, డబ్బాలో పెరుగన్నం తింటూ నెట్‌స్టాట్ తెరను ఊరికే చూస్తున్నాను. మా జాబ్ పేరు పక్కన 5000 అని ఉంది. చెంచా కింద పెట్టేశాను.

సంగతేమిటంటే, సాకెట్ చిరునామాలో పోర్టు గడిని కోబాల్‌లో నాలుగంకెల బైనరీగా రాస్తాం. అది రెండు బైట్ల గడి, 65535 వరకు పడుతుంది. కానీ కంపైలర్‌కు, ఎక్కువైన అంకెలను కోయాలో వద్దో చెప్పే ట్రంక్ ఆప్షన్ ‘ఎస్‌టీడీ’ అని ఉంటే అది గడి వెడల్పును పట్టించుకోదు, మనం రాసిన అంకెల లెక్కనే పాటిస్తుంది. నాలుగే అన్నావు కాబట్టి నాలుగే ఉంచుతానని 15000లో ముందున్న ఒకటిని కోసేస్తుంది. ఆప్షన్ ‘బిన్’ అని మార్చండి, లేదా ఆ గడిని కాంప్-5గా (అంకెలను కాక గడి వెడల్పునే పాటించే బైనరీగా) రాయండి. ఐపీ చిరునామా గడికీ ఇదే గతి పడుతుంది, అక్కడ ఎనిమిది అంకెలు. 5000 లాంటి పోర్టులతో పరీక్షించినంతకాలం ఈ తప్పు బయటపడదు. పెద్ద పోర్టు ఇచ్చిన రోజున పడుతుంది.

దగ్గర నుంచి దూరానికి

సర్వర్ లిజన్‌లో ఉందని తేలాక ఒక్కసారిగా లాప్‌టాప్ నుంచి ప్రయత్నించవద్దు. ముందు అదే మెయిన్‌ఫ్రేమ్ మీద ఒక బుల్లి క్లయింట్ నడిపి 127.0.0.1కు కలపండి. తరువాత అదే క్లయింట్‌తో యంత్రం అసలు చిరునామాకు. ఆ తరువాతే బయటి నుంచి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

బయటి నుంచి ఆగిపోతే గడియారం చూడండి. తిరస్కారం క్షణంలో వస్తే మీ మాట యంత్రం దాకా వెళ్ళిందని, ఆ పోర్టులో ఎవరూ లేరని అనుకోవచ్చు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి గడువు దాటితే దారిలో ఎవరో మింగేస్తున్నారు, సాధారణంగా ఫైర్‌వాల్. పింగ్ (యంత్రం పలుకుతోందా అని తట్టి చూసేది) పనిచేస్తోంది కదా అని వాదించవద్దు. పింగ్‌ను వదిలి పోర్టును ఆపడం ఫైర్‌వాల్‌కు మామూలే. నెట్‌వర్క్ వాళ్ళకు రాసేటప్పుడు ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టు, ఎన్ని గంటలకు అని నాలుగు ముక్కలు రాయండి. ‘పనిచేయడం లేదు, చూడగలరు’ అని రాస్తే ఆ ఉత్తరం ఎక్కడ పడి ఉంటుందో నాకు తెలుసు.

కరెంటు పోయినప్పుడు

ఈ తప్పు మన ఊళ్ళవాళ్ళకు తప్పకుండా ఎదురవుతుంది. మధ్యాహ్నం వాడికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది, రూటర్ ఆరిపోయింది. పది నిమిషాల తరువాత కరెంటు వచ్చింది, వీపీఎన్ మళ్ళీ కలిసింది, క్లయింట్ నడిపాడు. కనెక్ట్ విజయం. హలో పంపాడు. జవాబు లేదు. మళ్ళీ నడిపాడు. కనెక్ట్ విజయం, జవాబు లేదు.

కనెక్ట్ అయితే అవతల ప్రోగ్రాం తీసుకున్నట్టే అనుకుంటాం. కాదు. ఆ చేయి కలిపేది టీసీపీ స్టాక్, అంటే సిస్టమ్‌లో కనెక్షన్లు చూసే భాగం. ప్రోగ్రాం యాక్సెప్ట్ అనేదాకా వచ్చినవాళ్ళను అది వరసలో కూర్చోబెడుతుంది. వాడి సర్వర్ ఒక్కసారి ఒక్కరితోనే మాట్లాడుతుంది. అది ఇంకా పాత కనెక్షన్ మీద రీడ్‌లో ఉంది. కరెంటు పోయినప్పుడు ‘వెళ్ళొస్తా’ అని చెప్పేవాళ్ళు లేరు కాబట్టి, పాత క్లయింట్ ఇంకా ఉన్నాడనే దాని నమ్మకం. నెట్‌స్టాట్‌లో చూస్తే పాత వీపీఎన్ చిరునామాతో ఆ కనెక్షన్ ‘ఎస్టాబ్లిష్’ అనే స్థితిలోనే దర్జాగా ఉంది.

అప్పటికి ఆ కనెక్షన్‌ను తెంపేయాలి. నెట్‌స్టాట్ డ్రాప్‌తో, కనెక్షన్ సంఖ్య ఇచ్చి. దానికి మీకు అధికారం లేకపోతే సర్వర్ జాబ్‌నే ఆపి మళ్ళీ లేపండి. శాశ్వతంగా అయితే రీడ్‌కు ముందు సెలెక్ట్ పెట్టి, ఇన్ని సెకన్లలో ఏమీ రాకపోతే మూసేసి తరువాతి వాడిని పిలవమనాలి. అవతలివాడు ఇంకా ఉన్నాడా అని అప్పుడప్పుడూ తట్టి చూసే కీప్‌అలైవ్ ఆప్షన్ ఉంది కదా అంటారు. జెడ్/ఓఎస్‌లో మార్చకుండా వదిలేస్తే దాని విరామం 120 నిమిషాలు. అంతసేపు ఎవరు ఆగుతారు?

నెట్‌స్టాట్‌లో ‘క్లోజ్ వెయిట్’ పేరుకుపోతుంటే అది దీనికి తిరగేసిన కథ. అవతలివాడు పద్ధతిగా చెప్పే వెళ్ళాడు, మన ప్రోగ్రామే క్లోజ్ అనడం మరిచిపోయింది.

48, 13

సర్వర్ ఆపి వెంటనే లేపితే బైండ్ దగ్గర 48 రావచ్చు. ముందు పాత జాబ్ నిజంగా ఆగిందా చూడండి. చాలాసార్లు రెండో కాపీ ఎక్కడో నడుస్తూ ఉంటుంది. ఆగిపోయి ఉంటే, పాత కనెక్షన్ ‘టైమ్ వెయిట్’లో కాసేపు మిగిలి ఉంటుంది. బైండ్‌కు ముందే సెట్‌సాక్ఆప్ట్‌తో రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెడితే సరిపోతుంది. తరువాత పెడితే లాభం లేదు.

13 వస్తే ఆ పోర్టు వేరే జాబ్ పేరుకు రాసిపెట్టి ఉండవచ్చు. టీసీపీ ప్రొఫైల్‌లో (దాని అమరికల ఫైలులో) పోర్టు వాక్యం చూడమని సిస్టమ్స్ వాళ్ళకు చెప్పండి. లేదా ఆర్‌ఏసీఎఫ్ ఒప్పుకోలేదు. అలాగైతే సిస్టమ్ లాగ్‌లో ఐసీహెచ్408ఐ అనే సందేశం ఉంటుంది, ఏ ప్రొఫైల్ అడ్డుకుందో అందులోనే ఉంటుంది. యూనిక్స్ షెల్ నుంచి నడిపే సర్వర్లకు జాబ్ పేరు చివర ఒక అంకె తగులుకోవచ్చు. పోర్టు రిజర్వేషన్‌లో ఉన్న పేరుతో పోల్చి చూసుకోండి.

ఇక ఆ @ గుర్తులు

నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. జిల్లా మారితే అదే మాటకు తూకం మారుతుంది. బయటి వ్యాపారి పుట్టి ధర చెప్పగానే మనవాళ్ళు ‘ఏ పుట్టి?’ అని అడుగుతారు. బైటు విషయంలోనూ అదే అడగాలి. అక్షరాలకు బైట్లు కేటాయించే పట్టికలు రెండు: మెయిన్‌ఫ్రేమ్ ఎబ్సిడిక్‌లో రాస్తుంది, లాప్‌టాప్ ఆస్కీలో చదువుతుంది. హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే లెక్కలో) 40 అనే బైటు మెయిన్‌ఫ్రేమ్‌కు ఖాళీ, లాప్‌టాప్‌కు @.

మావాడు 80 బైట్ల బఫర్‌ను ముందు ఖాళీలతో నింపాడు. క్లయింట్ పంపినది దాని మొదట్లో పడింది. తిరిగి పంపేటప్పుడు మొత్తం 80 పంపాడు. మిగిలిన ఖాళీలన్నీ లాప్‌టాప్‌లో @ గుర్తులయ్యాయి. రీడ్ రిటర్న్ కోడ్ ఎంత చెప్పిందో అన్ని బైట్లే తిరిగి పంపాలి.

మరి హలో ఎలా సరిగ్గా వచ్చింది? మెయిన్‌ఫ్రేమ్ దాన్ని చదవలేదు కాబట్టి. వచ్చిన బైట్లను అర్థం చేసుకోకుండానే తిప్పి పంపింది. ప్రతిధ్వని సర్వర్‌లో ఉన్న మోసం ఇదే. లిపి మార్పిడి అసలు లేకపోయినా పరీక్ష నెగ్గుతుంది. స్టాప్ అనే మాటను పోల్చాల్సి వచ్చినప్పుడు గుట్టు బయటపడింది. లాప్‌టాప్ పంపిన స్టాప్ 53 54 4ఎఫ్ 50. కోబాల్ వెతుకుతున్న స్టాప్ ఈ2 ఈ3 డి6 డి7. నాలుగింటిలో ఒక్కటీ కలవలేదు. వచ్చిన బఫర్‌ను డిస్‌ప్లే చేసి ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో చూడమన్నాను. మొదటి రెండూ చదవరానివి, తరువాత ఒక నిలువు గీత, ఒక & గుర్తు కనిపించాయి. హెక్స్ ఆన్ చేస్తే అసలు బైట్లు కనిపించాయి.

మార్పిడికి సిద్ధంగా ఉన్న మాడ్యూళ్ళు రెండు. ఈజెడ్ఏసీఐసీ05 ఆస్కీని ఎబ్సిడిక్‌గా మారుస్తుంది, 04 తిరుగు దారి. వాడు 05ను పిలిచి పొడవు 80 ఇచ్చాడు. ఈసారి @ గుర్తులు లాప్‌టాప్‌లో మాయమై మెయిన్‌ఫ్రేమ్‌లో తేలాయి. ముందే ఎబ్సిడిక్‌లో ఉన్న ఖాళీలను ఆస్కీ అనుకుని మార్చింది మరి. పొడవు కూడా రీడ్ చెప్పిన లెక్కే ఇవ్వాలి.

అక్షరాలు కాకుండా అంకెలు బైనరీలో పంపేవాళ్ళకు వేరే పేచీ. మాటకు ముందు రెండు బైట్లలో పొడవు పంపుతారనుకోండి. లాప్‌టాప్ ఐదును 05 00 అని చిన్న చివర ముందు పెట్టి రాస్తే, మెయిన్‌ఫ్రేమ్ దాన్ని 1280గా చదివి, రాని బైట్ల కోసం కూర్చుంటుంది. పైథాన్‌లో నెట్‌వర్క్ వరస అని చెప్పి ప్యాక్ చేయండి. అలాగే ఒకసారి పంపినది ఒకే రీడ్‌లో వస్తుందన్న భరోసా కూడా లేదు. టీసీపీ కాలువ లాంటిది, మీరు ఎన్ని బిందెలు పోశారో అవతలికి తెలియదు. పొడవు నిండేదాకా, లేదా ముగింపు గుర్తు కనిపించేదాకా చదువుతూనే ఉండాలి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ప్యాకెట్ ట్రేస్ (నెట్‌వర్క్‌లో వెళ్ళినవాటి రికార్డు) తీయమని సిస్టమ్స్ వాళ్ళను అడగండి. దాన్ని వైర్‌షార్క్ అనే పరిశీలన ప్రోగ్రాం చదివే రూపంలోకి మార్చి ఇవ్వగలరు. నాకు ఆ అవసరం ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మావాడు పొడవు సరిచేశాడు. @ గుర్తులు పోయాయి. బఫర్‌లో స్టాప్ అని ఇంగ్లీషులో శుభ్రంగా కనిపిస్తోంది. అయినా సర్వర్ ఆగలేదు.

“పిన్నీ, అదే మాట. నాలుగు అక్షరాలూ ఉన్నాయి.”

“రీడ్ ఎన్ని బైట్లు వచ్చాయంటోంది?”

“ఐదు.”

అప్పుడు గుర్తొచ్చింది ఉదయం వదిలేసిన 74. వాడి క్లయింట్ ప్రతి మాట చివరా కొత్త వరస గుర్తు ఒకటి తగిలించి పంపుతోంది. హలోతో పాటు అదీ వెళ్ళింది కాబట్టి ఆరు బైట్లు, మిగిలినవి 74. వాడు తప్పు లెక్కపెట్టలేదు. @ గుర్తులు హలో పక్కన కాకుండా కింది వరసలో మొదలయ్యాయట, నేను అడగలేదు, వాడు చెప్పలేదు. స్టాప్ వెనకా అదే ఐదో బైటు, తెరమీద కనిపించదు, పోల్చేటప్పుడు మాత్రం అడ్డం. ఆ గుర్తును పారేయవద్దని, మాట ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడానికి దాన్నే వాడుకుని, పోల్చేముందు తీసేయమని చెప్పాను.

రాత్రి పదిన్నరకు మెసేజ్ వచ్చింది: “ఆగింది పిన్నీ. కండిషన్ కోడ్ 0000.”

ఐదు నిమిషాలకు ఇంకొకటి: “మళ్ళీ లేపితే బైండ్ దగ్గర 48 అంటోంది.”